మూసిన కిటికీ పక్క దగ్గు

దయ్యాలంటే నాకెన్నడూ నమ్మకం లేదు. బాలాపూర్ బొందలగడ్డలో పందెం కట్టి, తెల్లారేదాకా గురకపెట్టి పండుకున్నోణ్ని. అసొంటి నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో పట్టపగలు వణికించిన సంగతి ఇది.

చీరల దుకాణం పైన చిన్న గదిలో నేనూ యాదగిరీ పక్కపక్క మిషన్ల మీద చీరలకు ఫాల్స్ కుట్టేవాళ్లం. ఇద్దరిదీ పోచంపల్లి దిక్కే, మగ్గం నడవక వచ్చినోళ్లం. పట్టుచీరల మీద దుమ్ము పడొద్దని కిటికీ తెరవనిచ్చేవాళ్లు కాదు. గుడ్డ ఎగురుతదని ఫ్యాను కూడా బంద్. ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీల్చుడే.

యాదగిరికి దగ్గు పట్టింది. రెండు పొడి దగ్గులు, ఆగి ఒక పొడుగు దగ్గు, చివర్ల "అవ్వా" అని మూలుగు. దవాఖానకు పొమ్మంటే, "లగ్గాల సీజన్ పోనియ్ అన్నా. నేను రెండ్రోజులు రాకుంటే ఈ మిషన్ మీద ఇంకొకడు కూసుంటడు" అనేటోడు.

లగ్గాలు అయిపోయినయి. ఆ వెనకే వాడూ పోయిండు. ఎల్‌బీ నగర్‌లో వాడి కిరాయి గది ముందర వాడి భార్య నన్ను ఒక్కటే అడిగింది: "ఆయన కండ్లద్దాలు మిషన్ మీదనే ఉన్నయా అన్నా?"

నెల తర్వాత ఒకనాడు నాలుగింటికి, నోట్లో గుండుసూదులు పట్టుకొని చీర అంచు సరిచేస్తున్న. మిషన్ ఆగి ఉంది. పక్కన యాదగిరి ఖాళీ స్టూలు మీదినుంచి వినిపించింది. రెండు పొడి, ఒకటి పొడుగు. "అవ్వా."

అప్పుడే చాయ్ సత్తెమ్మ మెట్లెక్కి వచ్చింది. రెండు నెలలు ఊర్లో ఉండి వచ్చింది, వాడు పోయిన కబురు ఆమెకు తెల్వదు. రెండు గ్లాసులు పెట్టి, "ఏడి యాదగిరి? ఇంకా తగ్గలేదా ఆ దగ్గు? మెట్ల మీదికి ఇనొచ్చింది" అన్నది.

సూదులు నా నోట్లోనే ఉన్నయి. దగ్గింది నేను కాదు.

మరునాడే దవాఖానకు పోయిన. టీబీ అన్నరు. ఆర్నెల్లు గోళీలు మింగి బతికిన. తను అంటించిన రోగాన్ని తనే వచ్చి చెప్పిపోయిండు యాదగిరి అని అందరికీ చెప్తుంటా.

బొందలగడ్డ మాట జర పెంచిన. గేటు దాకా పోయి మర్లొచ్చిన. దగ్గు మాట మాత్రం పెంచలే. అది ఎక్కడినుంచి వచ్చిందో ఇయ్యాల్టికీ నాకు తెల్వదు.

ఇదంతా చదివి వినిపిస్తే నా భార్య లక్ష్మమ్మ చిక్కుడుకాయలు తుంచుడు ఆపింది.

"అంటించింది ఆయన కాదు. ఆయనకన్న రెండు నెలల ముందు నించి నువ్వే దగ్గుతున్నవ్. కూలి పోతదని, ఎవ్వరికీ చెప్పొద్దని నా నోరు మూసినవ్. గా ముచ్చట గూడ రాయి."