పార్కింగ్‌లో నిలబడి చూసిన ఆట

మా మరిది, అంటే చెల్లి భర్త, పోయారన్న కబురు ఆదివారం పొద్దున ఆరూ ఇరవైకి వచ్చింది. అప్పటికి నేను గోధుమ రవ్వ వేయిస్తున్నాను.

ఆ పొద్దు మిగతా పొద్దుల్లాగే మొదలైంది. నాలుగున్నరకు లేచి ప్రార్థన చేసుకున్నాను. ఆసుపత్రి డ్యూటీ లేని రోజైనా నాకు లేచే వేళ మారదు. ఈ గల్ఫ్ నగరంలో, అల్ ఖువైర్ పేటలో మా ఫ్లాట్ వంటగది కిటికీ తీస్తే, ఎదురు బిల్డింగ్ ఏసీల నీళ్లు రేకు మీద పడే చప్పుడు వినిపిస్తుంది. మా చెల్లి ఇస్త్రీ చేసుకుంటోంది. ఇక్కడ ఆదివారం పనిరోజే, ఏడింటికల్లా తను స్కూలు ఆఫీసులో ఉండాలి. చెల్లి కూతురు హాల్లో నేల మీద కూర్చుని మోకాలికి బ్యాండేజీ చుట్టుకుంటోంది.

"అంత వదులుగా చుడితే జారిపోతుందే," అన్నాను.

"నువ్వు చుడితే కాలు మొద్దుబారిపోద్ది పెద్దమ్మా," అంది.

రోజూ ఆరింటికి, సైట్ బస్సు ఎక్కే ముందు, పనిచేసే ఊరు దుక్మ్ నుంచి వాళ్ల నాన్న ఫోన్ చేస్తారు. ఆ రోజు ఆరు దాటింది. ఫోన్ మోగగానే చెల్లి "ఇవాళ బస్సు లేటేమో" అంటూ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి అందుకుంది. అవతల వేరే గొంతు. క్యాంపులో ఆయన రూమ్‌లో ఉండే అతను. బూట్లు వేసుకుంటూ మంచం మీద వెనక్కి ఒరిగారట. క్లినిక్‌కి తీసుకెళ్లేసరికే అయిపోయిందట. గుండె.

యాభై రెండేళ్లు.

రవ్వ మాడిన వాసన వచ్చింది. స్టవ్ ఆపి చెల్లిని పట్టుకున్నాను. అమ్మాయి బ్యాండేజీ సగం చుట్టిన కాలుతో అలాగే కూర్చుంది.

ఇది చదివేవారిలో ఆయన్ని ఎరిగినవాళ్లు కొద్దిమందే. చర్చికి నెలకొకసారి వచ్చి వెనక వరుసలో కూర్చునేవారు. దుక్మ్‌లో రేవు కట్టే కంపెనీలో స్టోర్ ఆయన చేతిలో ఉండేది. నెలకొక గురువారం ఆరు గంటలు బస్సులో కూర్చుని వచ్చి, శనివారం తిరిగి వెళ్లేవారు. చమురు ధర పడిపోయి కంపెనీలు మనుషుల్ని తగ్గిస్తున్న ఆ రోజుల్లో కూడా ఇంటికొచ్చి ఉద్యోగం సంగతి ఎత్తేవారు కాదు. చెప్పులు విడుస్తూనే అడిగేది ఒకటే: "పదకొండో నంబరు ఎన్ని నిమిషాలు ఆడింది?"

పదకొండో నంబరు ఆయన కూతురే. ఇక్కడి కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టులో ఉంది. ఉంది అంటే, బెంచి మీద ఉంది. రెండేళ్లుగా.

వయసులో ఉండగా ఆయనా ఆడారు. మా సముద్రం వైపు ఊళ్లలో మట్టి కోర్టులమీద ఆడి, మోకాలు దెబ్బతిని మానుకున్నారు. కూతురు ఆడాలన్నది ఆయన పట్టుదల. మా చెల్లికి అది అర్థం కాలేదు. "కూర్చోడానికి అంత దూరం వెళ్లడమెందుకండీ? అదేదో ఇంట్లో కూర్చుని చదువుకుంటే పోదా?" అనేది. ఒక్క ఆటకూ వెళ్లలేదు. అమ్మాయి కూడా విసిగిపోయి మానేస్తానంది. చివరికి తండ్రీకూతుళ్లు ఒక ఒప్పందానికి వచ్చారు. ఈ సీజన్ అయ్యేవరకు చూడాలి. అప్పటికీ కోర్టులో చోటు దొరక్కపోతే బూట్లు ఎవరికైనా ఇచ్చేయవచ్చు.

అయితే ఆ ఆట ఆయన చూడటానికి లేదు. ఆడపిల్లలు ఆడేటప్పుడు ఆ హాల్లోకి ఆడవాళ్లనే రానిస్తారు. ఫోటోలు, వీడియోలు కూడా తీయకూడదు. అది ఇక్కడి పద్ధతి, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. తండ్రులు బయట కార్ల దగ్గర నిలబడతారు. మా మరిది ఊళ్లో ఉన్న వారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, కనబడని ఆటకు బయల్దేరేవారు. గోడకు చెవి దగ్గరగా పెట్టి నిలబడేవారు. బంతి నేలకు తగిలే చప్పుడును బట్టి ఎవరు ఎటు వెళ్తున్నారో చెప్పేవారు. సగం తప్పేది.

ఆయన ఊళ్లో లేని వారాల్లో ఆయనకు కళ్లు నేనే. నాకు ఆ ఆట తెలియదు. "తెలియకపోవడమే మంచిది వదినా, కనబడింది రాస్తారు," అన్నారు. ఒక్క షరతు పెట్టారు. ఆట గురించి మాట్లాడేటప్పుడు మన పిల్ల అనకూడదు. పదకొండో నంబరు అనాలి.

ముప్పై ఏళ్లుగా రోగి తాగిన నీళ్లు, వచ్చిన జ్వరం గంటల ప్రకారం రాసిన చెయ్యి నాది. అదే విధంగా చార్ట్ గీసుకుని, పదకొండో నంబరు లోపలికి వెళ్లిన టైము, బయటికి వచ్చిన టైము నా చేతి గడియారం చూసి రాసేదాన్ని. ఆట అయ్యాక ఫోన్ చేసి చెప్పేదాన్ని. ఓసారి పద్దెనిమిది నిమిషాలు వచ్చింది, ఇంకోసారి పదహారు. "చాలా తక్కువ ఆడిస్తున్నారు నాన్నా," అని అమ్మాయి ఏడిస్తే, "పద్దెనిమిది తక్కువేంటమ్మా? నా దగ్గర లెక్కుంది," అని ఆయన కోప్పడేవారు. పార్కింగ్‌లో మిగతా తండ్రుల దగ్గరా అదే వాదించారట.

నెల గడిచాక, జట్టులో అందరికంటే పొడుగ్గా ఉండే పిల్ల టైము కూడా రాయమన్నారు. రాసి, ఫోన్లో చెప్పాను. అరవై ఎనిమిది నిమిషాలు.

ఆ అంకె నా చేత రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. "వదినా, ఆట మొత్తం పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు, నలభై నిమిషాలేనండి. రిఫరీ ఈల వేసినప్పుడల్లా గోడ మీద గడియారం ఆగుతుంది. మీరు ఆపారా?"

నేను ఆపలేదు. రోగి దగ్గర గడియారం ఎవరు ఆపుతారు?

తిరిగి లెక్క వేస్తే పద్దెనిమిది కాస్తా తొమ్మిదో పదో అయింది. తప్పు నాది. కానీ ఆయన ఆ నెల ఇంటికి రాగానే, భోజనానికి కూర్చోకుండా కూతురి ముందు నిలబడ్డారు.

"నువ్వు చెప్పావు. నేను కాగితాన్ని నమ్మాను. తప్పయిందమ్మా."

"పర్లేదులే నాన్నా."

"పర్లేదు అనకు. ఇంకోసారి నిన్నే ముందు అడుగుతాను."

ఇంట్లో మగవాళ్లు పిల్లలతో ఆ మాట అనడం నేను అంతకు ముందు వినలేదు.

ఆ తర్వాత ఈలకు ఆపి, ఈలకు మొదలుపెట్టి రాశాను. ఒక గడి అదనంగా గీశాను, అలవాటు కొద్దీ. ఊపిరి. పొడుగమ్మాయి గడిలో మూడు ఆటలకూ ఒకటే రాశాను: మూడో క్వార్టర్ సగానికి నోటితో ఊపిరి, చేతులు మోకాళ్ల మీద. మూడు ఆటల్లోనూ మనవాళ్లు నాలుగో క్వార్టర్‌లోనే వెనకబడ్డారు.

పార్కింగ్‌లో వాదనంతా ఈ పొడుగమ్మాయి గురించే. వాళ్ల నాన్నది నిజామాబాద్ వైపు. ఇబ్రిలో చిన్న కాంట్రాక్టులు చేస్తాడు. ఆట ఉన్న రోజు కూతురి కోసం అంత దూరం నుంచి బండి నడుపుకుంటూ వస్తాడు. మా మరిది ఊళ్లో ఉన్న ఒక గురువారం, సగం ఆట దగ్గర నేను బయటికి రాగానే, ఆపరేషన్ థియేటర్ ముందు బంధువుల్లా చుట్టూ మూగారు.

"ఇరవై రెండు, పద్దెనిమిది. మనవాళ్లే ముందు," అన్నాను.

"గంతేనా అక్కా? ఆసుపత్రిల రిపోర్టు లెక్క రెండు ముక్కలు చెప్తవేంది? ముచ్చట చెప్పరాదు," అన్నాడు ఇబ్రి ఆయన.

"ముచ్చట మా మరిదిని అడగండి. ఆయన గోడలోంచి చూస్తున్నారుగా."

అందరూ నవ్వారు. మా మరిది నవ్వకుండా, "తమ్ముడూ, మీ అమ్మాయికి మధ్యలో కాస్త విశ్రాంతి ఇస్తే బాగుంటుంది," అన్నారు.

"ఏందన్నా గట్లంటవ్? నా బిడ్డ లేకుంటే ఆ బోర్డు కాడ బాల్ ఎవ్వలు పడ్తరు? నా బిడ్డకు దమ్ము లేదంటవా?"

"దమ్ముంది. మూడో క్వార్టర్‌కి అయిపోతోంది అంటున్నా."

"సరే, ఆమె కూసుంటే ఎవ్వలు దిగాలె? చెప్పు మరి."

ఆయన చెప్పలేదు. "నాకు తెల్సు, నీ బిడ్డేనాయె," అన్నాడు ఇబ్రి ఆయన. మా మరిది మళ్లీ గోడ వైపు నడిచారు.

మర్నాడు శుక్రవారం, ఇక్కడ సెలవూ ఆరాధనా ఆ రోజే. మా మరిది చర్చి నుంచి వచ్చి, భోజనాల బల్ల మీద ఖర్జూరపు గింజలు అయిదు పేర్చుకున్నారు. అది ఆయన కోర్టు. మిగిలిన గింజలు సాసర్లో ఉంటాయి, అది బెంచి. పెద్ద గింజ తీసి పక్కన పెట్టారు. ఆ ఖాళీలో ఏమీ పెట్టలేదు.

"అక్కడ ఎవరు?" అన్నాను.

"అది నేను చెప్పకూడదు వదినా. ఎటు తిప్పినా పదకొండో నంబరే వస్తోంది. నేను దానికి తండ్రిని."

వంటగదిలోంచి చెల్లి అందుకుంది. "మీ న్యాయం తగలెయ్య. ఊళ్లో పిల్లలందరి సంగతీ మాట్లాడతారు, సొంత పిల్లకి పనికొచ్చే మాట ఒక్కటి నోట రాదు."

ఆయన సాసర్ కేసి చూసి, "స్కోరు కంటే ముందు బెంచి మీద పిల్లల ముఖాలు చూడాలి వదినా. ఆ తొమ్మిది నిమిషాల కోసమే అది ఎంత సిద్ధంగా కూర్చుంటుందో మీరు చూస్తున్నారుగా," అన్నారు. అంతకు మించి కూతురి గురించి ఆయన సిఫార్సు నేను వినలేదు.

సీజన్ అయిపోవస్తోంది. సెమీఫైనల్‌కి ముందు రోజు పొద్దున ప్రార్థనలో నాకు ఒకటి తోచింది. నేను తండ్రిని కాను. నర్సుని. డ్యూటీ దిగి కోచ్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. పదకొండో నంబరు మాట ఎత్తలేదు. మూడు ఆటల కాగితాలు ముందు పెట్టి, "ఈ పొడుగు పిల్లకి మూడో క్వార్టర్‌లో నాలుగు నిమిషాలు విశ్రాంతి, నీళ్లు అవసరం," అని చెప్పాను. ఆమె ఊపిరి గడి రెండుసార్లు చదివింది. మరి ఎవరిని దింపమంటారు అని అడిగింది. "అది మీ పని మేడమ్," అని లేచి వచ్చాను.

బుధవారం సెమీఫైనల్. మూడో క్వార్టర్ సగంలో, మూడు పాయింట్లు వెనకబడి ఉండగా, కోచ్ మేడమ్ బెంచి వైపు తిరిగి చెయ్యి చూపింది. పదకొండో నంబరు లేచింది.

నాకు ఆట తెలియదని ముందే చెప్పాను. కనబడింది చెబుతాను. అవతలి జట్టులో ఎక్కువ పాయింట్లు చేసే పిల్లకి పదకొండో నంబరు నాలుగు నిమిషాల పది సెకన్లు ఊపిరి ఆడనివ్వలేదు. రెండుసార్లు ఆ పిల్ల చేతిలోంచి బంతి తీసుకుంది. రెండు బుట్టలు వేసింది. పొడుగమ్మాయి తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని, నీళ్లు తాగి, తిరిగి దిగేసరికి మనవాళ్లు ఒక పాయింటు ముందున్నారు. నాలుగో క్వార్టర్‌లో పొడుగమ్మాయి పరుగెత్తిన తీరు చూసి హాల్లో అమ్మలందరూ లేచి నిలబడ్డారు. అయిదు పాయింట్లతో గెలిచారు. నేను కూడా అరిచాను. దేవుడు క్షమిస్తాడు.

బయటికి వచ్చి దుక్మ్‌కి ఫోన్ చేశాను.

"పొడుగమ్మాయి ఊపిరి ఎలా ఉంది వదినా?" అన్నారు ముందు.

"బాగుంది. నాలుగు నిమిషాలు కూర్చోబెట్టారు."

"ఎవరు దిగారు?"

"పదకొండో నంబరు."

సైట్‌లో ఏదో మిషను చప్పుడు వినిపిస్తోంది. ఆయన గొంతు చిన్నదైపోయింది. "మన పిల్లా?"

తను పెట్టిన షరతు ఆయనే తప్పడం అదొక్కసారే.

"మన పిల్లే," అన్నాను.

ఇంతలో ఇబ్రి ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "అన్నా, నీ బిడ్డ నిలబెట్టింది, నా బిడ్డ కొట్టింది. గా మాట అప్పుడే నోరు తెర్సి చెప్తే ఏం పోయిందే నీకు? మంగళారం ఫైనల్. రాకుంటే నేనే దుక్మ్‌కు వచ్చి గుంజుకొస్త."

వస్తానన్నారు. సెలవు కూడా అడిగారు.

కబురు వచ్చిన ఆదివారం సాయంత్రానికి మా హాలు నిండిపోయింది. పాస్టర్ గారు ప్రార్థన చేశారు. తండ్రులందరూ గోడ వారగా నేల మీద కూర్చున్నారు. కాగితాలన్నీ పూర్తయి భౌతికకాయం విమానం ఎక్కేసరికి గురువారం అవుతుందని కంపెనీ మనిషి చెప్పాడు. ఊరి నుంచి మరిది అన్నగారు ఫోన్లో ఉన్నారు. అందరికీ వినబడేలా పెట్టాం. ఫైనల్ మంగళవారమని ఎవరో ఆయనకు చెప్పారు.

"తండ్రి మట్టి కాకముందే పిల్ల ఆటకెళ్తే నలుగురూ ఏమనుకుంటారమ్మా," అన్నారాయన. కోపంగా కాదు, ఏడుస్తూనే.

అమ్మాయి తల్లి పక్కన ముడుచుకుని కూర్చుంది. ఇబ్రి ఆయన గొంతు సవరించుకున్నాడు. "కోచ్ మేడమ్ ఫోన్ చేసింది అక్కా. బిడ్డ ఆడ్తనంటే మొదటి అయిదుగుర్ల పెడ్తదట. అన్న గుర్తుకు. నా బిడ్డ సుత ఒప్పుకున్నది, ముందు నేను కూసుంట అంటున్నది."

పక్కనున్న మలయాళీ తండ్రి తల ఊపాడు. మరొకాయన, మొదట్లో పొడుగమ్మాయి లేకపోతే కష్టమని మెల్లగా అన్నాడు. ఇబ్రి ఆయన దానికి జవాబు చెప్పాడు. రెండు మూడు మాటలు అటూ ఇటూ నడిచాయి. చావింట్లో ఉన్నామని గుర్తొచ్చి ఆగిపోయారు.

అప్పుడు మా చెల్లి తలెత్తింది. పొద్దుటి నుంచి అది మాట్లాడటం అదే మొదలు.

"మొదటి అయిదుగురిలో వద్దు. ఆయన ఒప్పుకోరు. మీ అమ్మాయి అలిసినప్పుడు దిగాలి, అంతే." తర్వాత ఫోన్ కేసి వంగింది. "బావగారూ, మీరు పెద్దవారు, ఏమీ అనుకోకండి. ఈ సీజన్ అయ్యేవరకు అని తండ్రీకూతుళ్లు మాట అనుకున్నారు. ఇంకా ఒక ఆట ఉంది."

అవతల ఆయన ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "సరేనమ్మా," అన్నారు చివరికి. "ఆడమను. నాకు ఫోన్ చేసి చెప్పండి."

ఆ సాయంత్రం ఇంట్లో అనుకున్నది ఇదీ. మంగళవారం పిల్ల ఆడుతుంది, మూడో క్వార్టర్‌లో దిగుతుంది. గురువారం మేం ముగ్గురం ఆయనతో కలిసి ఊరికి వెళ్తాం. మగవాళ్లు ఎప్పటిలాగే బయట నిలబడతారు. లోపల, బెంచి వెనక మొదటి వరుసలో, మా చెల్లి తెల్ల చీరలో కూర్చుంటుంది.