కొండకివ్వాల్సిన జుట్టు

మా ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో పడుకున్నప్పుడు తిరుపతి వెంకన్నకి మొక్కుకున్నాను. ఈయన నడిచి ఇంటికొస్తే తలనీలాలు ఇచ్చుకుంటానని. తొంభైల మొదట్లో మాట. ఫిల్మ్‌నగర్‌లో ఒంటిగదిలో ఉంటూ నేను సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసేదాన్ని. నా మొహం ఎవరికీ గుర్తుండేది కాదు. నడుం దాటిన జడ మాత్రం గుర్తుండేది, దాన్ని చూసే పిలిచేవాళ్లు.

రెండు నెలలకి ఆయన నడిచే ఇంటికొచ్చాడు. అప్పటికి ఒక సినిమాలో హీరోయిన్ పిన్నిగా నా వేషం చివరికొచ్చింది. డైలాగులున్న వేషం అదే మొదలు. కొండకెళ్లి గుండు చేయించుకొస్తానంటే ప్రొడక్షన్ మేనేజరు నా జడ వంక చూశాడు.

"కంటిన్యూటీ ఏం కానమ్మా? నిన్న జడున్న పిన్నికి ఇవాళ గుండేంటని జనం నవ్వరూ? ఇంకొక్క సీనే. అయ్యాక వెళ్లిరండి."

విగ్గు పెట్టుకుంటానన్నాను. "విగ్గులు హీరోయిన్లకండీ" అన్నాడు.

ఆ ఒక్క సీనూ హీరో డేట్లు దొరక్క వాయిదా మీద వాయిదా పడింది. మా ఇంటి ఓనరమ్మ, ఇక్కడి మనిషే, కనబడినప్పుడల్లా పట్టుకునేది. "గిదేంది బిడ్డా, దేవునితోని గిట్ల చేస్తవా? ఎంట్కలు మల్ల వస్తయ్. పోయిరా జర."

నాకు ఒళ్లు మండేది. "వేషం మళ్లీ రాదు కదండీ" అనేదాన్ని. మా ఆయన మంచం మీంచి నవ్వేవాడు. "స్వామి ఎక్కడికీ పోడులే. ఆయన డేట్లు మనకెప్పుడైనా దొరుకుతాయి."

ఆయన ఇంటికొచ్చిన ఐదో నెలలో జూబ్లీహిల్స్‌ బంగళాలో ఆ సీను తీశారు. ఇంట్లో ఎవరో పోయిన సీను. "తల మీద కొంగు కప్పుకోండమ్మా" అన్నాడు అసిస్టెంటు డైరెక్టరు. కప్పుకున్నాను. ఒక్క వెంట్రుక కనబడలేదు. గుండుతో కూర్చున్నా ఎవరికీ తెలిసేది కాదు.

ఆ వారమే మా ఆయనకి దగ్గు తిరగబెట్టింది. పది రోజులు తిరక్కుండా పోయాడు.

స్వామి పగబట్టాడని నేననను. ఆయనకి నా జడతో ఏం పని? మాట తప్పింది నేను. కర్మకాండ ముగిశాక కొండకెళ్తానంటే మా అత్తగారు ఆపింది. "ఏటిసూతకంలో కొండెక్కకూడదే. ఏడాది ఆగాలి." వెళ్లాల్సినప్పుడు వెళ్లలేదు, వెళ్తానంటే వెళ్లనివ్వలేదు. ఆ ఏడాదంతా తలంటుకున్నప్పుడల్లా ఆ జుట్టంటే అసహ్యం వేసేది. మేనేజర్లు మళ్లీ దాన్ని చూసే పిలిచారు. వెళ్లాను. తినాలి కదా.

ఏడాది దాటాక కల్యాణకట్టలో తల వంచుకుని కూర్చున్నాను. మంగలాయన జడ విప్పి నీళ్లు చల్లాడు.

"ఎంత జుట్టమ్మా. ఏం మొక్కు?"

"మా ఆయన ఆసుపత్రి నుంచి నడిచి ఇంటికి రావాలని."

"వచ్చాడా?"

"వచ్చాడు."

"మంచిదమ్మా. మరి ఆయనేరీ, కిందున్నాడా?"

"లేడు నాయనా. నేనే ఆలస్యంగా వచ్చాను" అన్నాను.