మేక్ అయిందా వదినా

మా మరిది పోయాడు. కర్మల రోజున వచ్చినవాళ్ళంతా "ఏదో కంప్యూటర్ పని చేసేవాడట" అని ఒక్క ముక్కలో తేల్చేసి భోజనాలకు లేచారు. ఆ ఏదో ఏమిటో ఈ ఇంట్లో కాస్తో కూస్తో తెలిసినదాన్ని నేనే. పదో తరగతి చదువుతో ఏం రాస్తానులే అని ఊరుకుందామనుకున్నాను. రాయకపోతే ఈ ఇంట్లో కూడా ఆ ఒక్క ముక్కే మిగిలేలా ఉంది.

అతను నాకు మేనత్త కొడుకు కూడా. డెబ్బైల చివర, మేం పిల్లలప్పుడు, తిరువూరులో బస్సు మీద నుంచి తపాలా సంచులు దించుతుంటే కదలకుండా చూస్తూ నిలబడేవాడు. పెద్దయ్యాక మా ఎరువుల కొట్టు వెనక గదిలో ఒక పాత కంప్యూటర్ పెట్టి, ఇక్కడి కాలేజీ పిల్లల మెయిళ్ళన్నీ దానిమీదే నడిపాడు. రెడీమేడ్ ప్రోగ్రాంలు అంత పాత కంప్యూటర్‌కి రావడం ఎప్పుడో మానేశాయి. ప్రోగ్రాం రాసిన అక్షరాలన్నీ తెప్పించుకుని, ఇంట్లో పిండి కలిపి వండుకున్నట్టు, దానిలోనే తయారుచేసుకోవాలి. ఆ తయారీని 'మేక్' అంటారు. గంటలు పడుతుంది.

ఒక శ్రావణ శుక్రవారం దేవుడి గదిలోంచే అడిగాను, "మేక్ అయిందా?" అని.

"మధ్యలోనే చచ్చింది వదినా."

మాది నీసు తగలని ఇల్లు. అత్తయ్య చేతిలో గంట ఆగిపోయింది. "శుక్రవారం పూట ఇంట్లోకి మేకను తెచ్చావుట్రా? చంపావు కూడానా?"

"కంప్యూటర్ మేకే అమ్మా. గడ్డి కూడా తినదు."

ఈ వేసవిలో బయటి కంప్యూటర్లు మా పాత మెయిల్ ప్రోగ్రాంతో మాట్లాడటం మానేశాయి. కొత్తది తయారుచేస్తుండగానే ఆయాసం ఎక్కువై, అతన్ని బెజవాడ ఆసుపత్రిలో చేర్చాం. రావలసిన మెయిళ్ళు కొన్నాళ్ళు తలుపు తట్టి చూసి, తీయకపోతే వెనక్కి వెళ్ళిపోతాయట. వాటిలో పిల్లల ఉద్యోగాల పిలుపులున్నాయి. వినగడప నుంచి రైతు ఒకాయన రోజూ వచ్చి కొట్టు మెట్టు మీద కూర్చునేవాడు.

"మా పిల్లకి ఇంటర్వ్యూ కబురొచ్చిందా అమ్మా?"

"ఇంకా లేదండి."

"రాలేదా, వస్తే ఈ పెట్టె మింగిందా?"

ఆసుపత్రి మంచం మీద నుంచి మరిది ఫోన్ చేశాడు. "వదినా, నువ్వు కూర్చో."

"నాకేం తెలుసయ్యా?"

"ఇంగ్లీషు అక్షరాలు తెలుసుగా. చాలు."

తులసిమాల తిప్పుకుంటూ తెర ముందు కూర్చున్నాను. అక్షరాలు పైకి పాకుతూనే ఉండేవి. ఆగినప్పుడల్లా ఫోన్ చేసి చివరి వరస చదివేదాన్ని.

"చివరిది కాదు వదినా. పైకెళ్ళి, మొట్టమొదట ఎర్రర్ అని ఎక్కడుందో అది చదువు. మిగతావన్నీ దాని పిల్లలే."

ఇంట్లో మాటా మాటా పెరిగినప్పుడు ఇప్పటికీ నాకా మాటే గుర్తొస్తుంది. అది దొరికాక ఏం మార్చాలో అక్షరం అక్షరం చెప్పేవాడు, నేను కొట్టేదాన్ని, మళ్ళీ మేక్. నడుం పడిపోయింది. అతనికీ మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందేది కాదు.

"పాతదాన్ని తీసెయ్యనా?" అన్నాను ఒకసారి, విసుగొచ్చి.

"అమ్మో, వద్దు. కొత్తది ఒక్క ఉత్తరమైనా తెచ్చి చూపించేదాకా పాతదాని మీద చెయ్యి వెయ్యకు."

ఆ సాయంత్రం మేక్ అయింది. ఫోనులో అతను చెప్పినట్టే కొత్తదాన్ని నడిపించాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకటి వచ్చింది. ఆ వెనకే వరసగా.

"ఎవరెవరికొచ్చాయో చదువు వదినా."

పేర్లు చదివాను. కథ వినే పిల్లవాడిలా పేరు పేరుకీ అవతల "ఊఁ" అనేవాడు. వినగడప అమ్మాయి పేరు రాగానే రైతు మెట్టు మీద నుంచి లేచి వచ్చాడు. "ఇంకోసారి చదవమ్మా." చదివాను. "ఊఁ" అన్నాడు మరిది, కొంచెం గట్టిగా.

అతను ఇంటికి తిరిగి రాలేదు. నేను రాసిన ఈ కాగితాలు మన ఇంట్లోవాళ్ళ కోసమే, పదిమందికీ చూపించవద్దు. నేను మనసులో దాచుకున్నది ఆ సాయంత్రమే. ఊఁ కీ ఊఁ కీ మధ్య ఎడం పెరిగింది, తర్వాత ఆగింది. "నిద్రపోయారండీ, పెట్టేయండి," అంది అవతల నుంచి నర్సమ్మ. ఫోను పెట్టబుద్ధి కాలేదు. పేర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. నిద్ర చెడకుండా గొంతు తగ్గించి, ఒక్కొక్కటే చదువుతూ కూర్చున్నాను.