కంచె, కామా, తోట

నిన్న పొద్దున తలుపు తీసేసరికి గేటుకు, ఈ ఫ్లాట్ల బాగోగులు చూసే టౌన్ కౌన్సిల్ వాళ్ళ కాగితం అంటించి ఉంది. నడవాలో వరసగా ఉన్న మా కుండీలు దారికి అడ్డమట, వారంలోగా తీసేయాలట. అవి మా ఆయన పెట్టినవి. ఆయన పోయి ఎనిమిది నెలలైంది, ఆయన చేత్తో నాటినవాటిలో ఇంకా చిగురు వేస్తున్నవి అవే. పక్క ఫ్లాటులో ఉండే గుంటూరు అమ్మాయి ఆఫీసుకు వెళ్తూ ఆగి, "ఆంటీ, నేను మెయిల్ పెడతా, ఒక్కసారి అడిగి చూద్దాం, పోయేదేముంది?" అంది. నేను మాత్రం కాగితం మీద అన్నిటికంటే పెద్దగా ఉన్న 'టౌన్' దగ్గరే ఆగిపోయాను.

నేను పొరుగుదేశంలో ఈపో అనే ఊరి దగ్గర పుట్టి, ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చి, ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. ఆ రోజుల్లో ఆ పని ఇద్దరు కలిసి చేసేవాళ్ళం. ఒకరు మూలప్రతిని కామాలతో సహా పైకి చదవాలి, రెండోవారు అచ్చులో చూసుకుంటూ పంక్తి పంక్తికీ ఊఁ కొట్టాలి. నేను చదివేదాన్ని. ఊఁ కొట్టినాయనే తర్వాత మా ఆయన అయ్యారు.

ఒక మధ్యాహ్నం బడిపిల్లల ఇంగ్లీషు నిఘంటువులో 'టౌన్' అనే మాట, దాని పుట్టుక వచ్చాయి. పాత ఇంగ్లీషులో ఆవరణ, కామా, జర్మన్‌లో కంచె, కామా, డచ్‌లో తోట, కామా, ఐరిష్‌లో కోట, అని చదివి ఆగాను. ఊఁ వినపడలేదు. కంచె పక్కదేశంలో తోట ఎలా అవుతుందని ఆయన మార్జిన్‌లో ప్రశ్నార్థకం గీస్తున్నారు. మర్నాడు సూపర్‌వైజరు, ఒక తమిళ పెద్దాయన, ఆ కాగితం పట్టుకొచ్చి అందరూ వినేలా, "తంబీ, నీ పని అక్షరాలు చూడటం. అర్థాలు చూడ్డానికి వేరేవాళ్ళున్నారు" అన్నాడు.

ఆయన చిన్నబుచ్చుకోలేదు. లైబ్రరీకి వెళ్ళి నాలుగు రోజులు వెతికి, భోజనాల వేళ నాకు చెప్పారు. ఐరిష్ పుట్టిన కెల్టిక్ భాషలో కోట అనే ఆ మాటనే, జర్మన్, డచ్, ఇంగ్లీషువాళ్ళ పూర్వీకులైన జర్మానిక్ వాళ్ళు ఎప్పుడో తీసుకున్నారని కొందరి ఊహట, ఖాయంగా ఎవరూ చెప్పలేరట. జర్మన్లు చుట్టూ కట్టినదాన్ని ఆ పేరుతో పిలిచారు, డచ్చివాళ్ళు లోపల పెరిగేదాన్ని, ఇంగ్లీషువాళ్ళు లోపల ఉండే మనుషుల చోటును. తన అనుమానం తప్పని తేలినందుకు అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

చోవా చూ కాంగ్ పేటలో ఈ ఫ్లాటుకు వచ్చిన మొదటి ఆదివారం ఆయన క్రాంజీ తోటల నుంచి కరివేపాకు మొక్క, రెండు మల్లె అంట్లు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. గుమ్మం ముందు వరసగా పేర్చి, "ఇదిగో, మన టౌనుకు కంచె" అన్నారు. బస్సంతా మట్టి చేసొచ్చారని నేను కసురుకున్నాను.

ఇవాళ కుండీలన్నీ ఒక్కొక్కటే లోపలికి జరిపాను. దారి అందరిదీ, అడగడానికేమీ లేదని పక్కింటి అమ్మాయికి చెప్పాను. వంటింటి కిటికీకి అంత ఎండ రాదు, మల్లెలు బతకకపోవచ్చు. ఇప్పుడు ప్రూఫులు ఎవరూ పైకి చదవరట, కంప్యూటరులో తప్పు కింద ఎర్రగీత దానంతటదే పడుతుందట. పని తొందరగా అవుతుంది, కాదనను. ఒక మనిషి గొంతును మరో మనిషి రోజంతా వినవలసిన అవసరం మాత్రం పోయింది.

చేతులు కడుక్కుని కూర్చుని, కౌన్సిల్ కాగితాన్ని కామాలతో సహా పైకి చదవడం మొదలుపెట్టాను. మొదటి పంక్తి చివర, అలవాటు కొద్దీ, ఆగాను. బయట లిఫ్టు తెరుచుకుని మూసుకుంది. రెండో పంక్తికి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది.