ఒక్క గుంజుడుకు ఊడే ముడి

మొన్న మనవరాలి రోయింగ్ పోటీకి పట్నం వెళ్లాం, అన్నా నేనూ. పోటీకి ముందు ఒక అంపైరు ప్రతి పడవ దగ్గరా వంగి, లోపల బిగించిన బూట్ల మడమ తాళ్లు లాగి చూస్తున్నాడు. పడవ తిరగబడితే బూట్లు పడవకే ఉండిపోయి, పాదాలు బయటికి రావాలట. నాకు నాన్న గుర్తొచ్చాడు.

నాన్న వడ్రంగి. భద్రాచలం దాటాక అడవి అంచున, గోదావరి ఒడ్డున పడవలు చేసేవాడు. క్రిస్మస్ మర్నాడు మా రేవులో పడవల పందెం. అబ్బ, ఏం రోజులవి! ఒడ్డంతా డప్పులు, కేకలు, వేడివేడి మిరపకాయ బజ్జీలు. తెడ్డు వేసేటప్పుడు కాలు జారకుండా అడుగు చెక్కకు తువ్వాలతో కట్టుకునేవాళ్లం. ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరూ ఒకరి కాలు ఒకరు కట్టాలి. ఎడమచేతివాటం వాణ్ణి కదా, నా ముడి అందరి ముడులకీ ఎదురు తిరిగి పడేదని అన్న ఆటపట్టించేవాడు. పందేనికి ముందు నాన్న ప్రతి ముడినీ లాగి చూసేవాడు. "ఒక్క గుంజుడుకు ఊడాలె. ఊడకుంటే దిగుండ్రి," అనేవాడు. మాకున్న రూలు అదొక్కటే.

ఆ ఏడు నాన్న చూసి వెళ్లగానే, గెలవాలన్న పిచ్చిలో అన్న కాలికి ముడి మీద ముడి బిగించాను.

"గట్టిగున్నదిరా," అన్నాడు.

"ఏం గాదు, నడువు," అన్నాను.

నది నడుమ పక్క పడవ తగిలి మాది బోల్తా పడింది. అందరం తేలాం. అన్న తేలలేదు. నాన్న ఉలి పట్టుకుని దూకాడు. తువ్వాల కోసి ఒడ్డుకు లాక్కొచ్చేసరికి అన్న పెదాలు నల్లబడ్డాయి. చాలాసేపటికి దగ్గి, నీళ్లు కక్కాడు.

"రెండో ముడి ఎవడేసిండు?" నాన్న అడిగాడు.

"నేనే ఏసుకున్న నాయినా," అన్నాడు అన్న.

మరుసటి ఏడు నుంచి కాళ్లు కట్టడం బంద్. పందెం మొదలయ్యేముందు ఎవరూ కట్టుకోలేదు కదా అని ప్రతి పడవలో కాళ్లు చూసే పని నాన్న నాకప్పగించాడు. నాకే ఎందుకో నేనడగలేదు. తర్వాత లైఫ్ జాకెట్లు వచ్చాయి, నాన్న పోయాడు, పందేలూ ఆగిపోయాయి.

మొన్న ఆ తాళ్లు చూస్తుంటే ఇక ఆగలేకపోయాను. "అన్నా, ఆ రోజు నాయినకు నిజం చెప్పలేకపోయిన," అన్నాను.

అన్న నా భుజం మీద చెయ్యేశాడు. "నాయినకు ఎరుకేరా. తువ్వాల కోసింది ఆయనే గద, ముడి చూసిండు. ఎదురు తిరిగిన రెండో ముడి మన రేవుల ఇంకెవనిది? గందుకే కాళ్లు చూసే పని నీకిచ్చిండు."

మనవరాలి పడవ కదిలింది. అందరూ చప్పట్లు కొడుతుంటే, ముసలివాణ్ణి, అంతమంది మధ్య భోరున ఏడ్చాను.