బపూన్ మునస్వామికి రాసిన మాత్రల చీటీ

1996 జనవరిలో నన్ను చిత్తూరు జిల్లా తూర్పు వైపున, పుత్తూరు నుంచి బస్సులో గంట దూరం ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హోదా పేరులో సర్జన్ అని ఉన్నా నేను కత్తి పట్టేవాణ్ణి కాదు. మానసిక వైద్యంలో డిప్లొమా చేసినవాణ్ణి. సర్కారు కొలువులో చేరే డాక్టరు ఏ విద్య చదివినా మొదటి మెట్టు పేరు అదే. మంగళ, శుక్రవారాలు మానసిక రోగుల ఓ.పి. చూసేవాణ్ణి. తక్కిన రోజుల్లో జ్వరాలు, తేలుకాట్లు, కోర్టుకు పోయే గాయాల సర్టిఫికెట్లు. ఇంజెక్షన్ల గది పక్కన నాకిచ్చిన గదికి 'మానసిక వైద్య విభాగం' అని బోర్డు రాయించాను. నెల రోజులు జనం ఆ బోర్డు చూసి తల వంచుకుని దాటిపోయారు. దాన్ని తీయించి 'నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, నరాల బలహీనత' అని రాయించాక బెంచీ నిండింది.

మార్చిలో ఒక మంగళవారం మునెమ్మ అనే ఆవిడ తన భర్తను మోచెయ్యి పట్టుకుని ఆ గదిలోకి తీసుకొచ్చింది. అతని పేరు మునస్వామి. ముప్పై రెండేళ్ళు. చెరకు పండించే రైతు, వీధినాటకాల్లో బపూన్.

ఆ ప్రాంతం ఎరగనివాళ్ళకు ఇక్కడ కొంచెం చెప్పాలి. ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ. అయిదో రోజు నుంచి రాత్రిపూట అదే కథను తెల్లవారేదాకా వీధినాటకంగా ఆడతారు. చివరి రోజు పొద్దున, నేల మీద మట్టితో పోసిన దుర్యోధనుడి భారీ బొమ్మ దగ్గర భీముడు అతని తొడలు విరగ్గొట్టడంతో ఉత్సవం ముగుస్తుంది. బపూన్ ఈ నాటకంలో రాజుగారి కొలువులో సేవకుడిగా వచ్చి రాజునే ఆటపట్టిస్తాడు. పాటకూ పాటకూ మధ్య జనాన్ని మేలుకొల్పి ఉంచే పని అతనిదే. భీముడు ఒక రాత్రి సరిగ్గా పాడకపోతే జనం ఓర్చుకుంటారు. బపూన్ తడబడితే చాపల మీద దుప్పటి కప్పేసుకుంటారు.

మునస్వామికి తిండి లేదు, నిద్ర లేదు. చేనికి పోయి గట్టు మీద కూర్చుండిపోయేవాడు. ఆ ముందు వారంలో మూడు రోజులు వరసగా తమ చేని బావి దగ్గర నిలబడి లోపలికి చూస్తూ ఉన్నాడని, తాను చెట్టు చాటున నిలబడి అతన్ని చూస్తూ ఉన్నానని మునెమ్మ చెప్పింది. ఈ మాట విన్న తర్వాత వైద్యుడికి ఇక ఆలోచన అక్కర్లేదు. తీవ్రమైన డిప్రెషన్ అని కేస్ షీటులో రాశాను.

అయితే మునస్వామి మందు వద్దన్నాడు.

"ఎముక ఇరిగితే పుత్తూరులో కట్టు కడతారు సారూ, అతుక్కుంటుంది. నాది అట్లాంటిది కాదు. లోపల బాధ ఉండబట్టే నాకు నవ్వించేది వస్తా ఉండాది. మాత్రలేసి బాధ తీసేస్తే ఆట పోతుంది. మా వాద్యారు కూడా అదే అంటాడు."

వాద్యారు అంటే నాటకం నేర్పే గురువు, మేళానికి పెద్ద. తాళాలు పట్టుకుని వెనక నిలబడి ఆట మొత్తం నడిపేవాడు.

నేను నోరు తెరిచేలోపు మునెమ్మ అందుకుంది. "ఊరంతా నవ్వేది, నేనొక్కదాన్నే ఏడ్చేది. ఏం భాగం పంచినావప్పా నువ్వు! ఒక్కసారి అటుదిటు ఇటుదటు మార్సరాదా?"

తిరుపతిలో చదువుకునే రోజుల్లో నేను హేతువాదుల చర్చా వేదికల మీద పెరిగాను. అలిపిరి దగ్గర మెట్లెక్కేవాళ్ళను ఆపి వాదన పెట్టుకుని తిట్లు తిన్న రోజులున్నాయి. అలాంటివాడి ముందు బాధ ఉంటేనే నవ్వించడం వస్తుందంటే వదులుతానా? కుండలు చేసేవాడికి చేతులు వణకాలని ఎవరైనా అంటారా అని అడిగాను. వంటవాడికి అజీర్తి ఉంటేనే కూర రుచిగా ఉంటుందంటారా? మరి నవ్వించేవాడికి మాత్రం గుండె పగిలి ఉండాలని ఎందుకంటున్నారు? ఈ సిద్ధాంతం వల్ల లాభం చూసేవాళ్ళకు. అతని బాధ అతని కళకు పెట్టుబడి అనేస్తే అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయే బాధ్యత తప్పుతుంది. ఇరవై నిమిషాలు ఇలా మాట్లాడాను. బయట బెంచీ మీద వాళ్ళు తలుపులోంచి తొంగి చూశారు. చివరికి మునస్వామి, బహుశా నా ధోరణికి అలిసిపోయి, సరేనన్నాడు.

ఎమిట్రిప్టిలిన్ రాశాను. అప్పట్లో సర్కారు ఆసుపత్రికి సరఫరా అయ్యే మందు అదే. రెండు మూడు వారాలు పోతేగాని గుణం చూపదు. గుణం కంటే ముందు మత్తు వస్తుంది, నోరు ఎండుతుంది. అందుకే రాత్రిపూట ఇస్తాం. చీటీ మీద పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు స్థానాలుంటాయి. నేను 'సున్నా–సున్నా–ఒకటి' అని రాశాను, అంటే రాత్రి మాత్రమే. తర్వాతి వారాల్లో ఆ ఒకటిని మూడు మాత్రల దాకా పెంచాను. ఆ చీటీ రాయడానికి నాకు ఇరవై సెకన్లు పట్టి ఉంటుంది.

నాలుగు వారాలకు మునస్వామి తేరుకున్నాడు. సంకటి అడిగి పెట్టించుకుంటున్నాడని, బావి దిక్కు పోవడం మానేశాడని మునెమ్మ చెప్పింది. నేను లోలోపల విజయం ప్రకటించుకున్నాను. అతనిది ఇంకో ఆరు నెలలు సాగవలసిన వైద్యం. అంతలో భారతం మొదలైంది.

నాటకాలు మొదలైన అయిదో రోజు శుక్రవారం. ఓ.పి. మొదలుకాగానే ముగ్గురు వచ్చారు. మునస్వామి చెవుల పక్కన వేషం రంగు ఇంకా పోలేదు. మునెమ్మ ముఖం పాలిపోయి ఉంది. ముందు నడిచి వచ్చినాయన వాద్యారు చెంగల్రాయుడు. అరవై ఏళ్ళుంటాయి, బిగించి కట్టిన పంచె, గదిలో కూర్చున్నా వీధి చివరకు వినిపించే గొంతు. మాత్రల పొట్లం నా బల్ల మీద పెట్టాడు.

"మీ సొమ్ము మీరు ఉంచుకోండి సారూ. మా ఏడుపుగొట్టు మునస్వామిని మాకు ఇచ్చేయండి."

ఏం జరిగిందని అడిగాను. నాలుగు రాత్రులుగా బపూన్ ఆట చచ్చిపోయిందన్నాడు. కృష్ణుడు ఒక మాట విసిరితే దాని మీద మునస్వామి తిరుగుమాట తటాల్న పడాలి. వీడు కృష్ణుణ్ణి అట్లా చూస్తా నిలబడతా ఉండాడు. జవాబు వచ్చేలోపు కృష్ణుడికే నవ్వొస్తా ఉండాది. నిన్న కుర్రకారు ఈలలేసినారు. "వీని లోపల ఏడుపు పోయింది సారూ. దాంతోపాటే నవ్వూ పోయింది. నేను ముందే చెప్పినా. సదువుకున్నోళ్ళు మీరు ఇన్లేదు."

మునస్వామి తల ఎత్తకుండా అన్నాడు: "నాకు ఇంగ మాత్రలొద్దు సారూ. పదారేళ్ళ నుంచి ఆడతా ఉండా. నన్ను చూసి జనం దుప్పటి కప్పుకోవడం ఇదే మొదులు. దానికంటే అదే మేలు."

అదే అంటే ఏదో గదిలో నలుగురికీ తెలుసు. మునెమ్మ నన్నే చూస్తూ ఉంది. ఆ మనిషి మందు మానేస్తే పది పదిహేను రోజుల్లో మళ్ళీ బావి గట్టున ఉంటాడు. ఈసారి చెట్టు చాటున ఎన్ని రోజులు నిలబడగలదు ఆవిడ?

అలాంటి ఘడియలో నేను ఏం చేశాను? పాత అలవాటు కొద్దీ ఉపన్యాసం మళ్ళీ ఎత్తుకున్నాను. కుండలవాణ్ణి, వంటవాణ్ణి మళ్ళీ పిలిచాను. నడుమ మునస్వామి నోరంతా తెరిచి ఆవలించాడు. నాకు చిరాకు వచ్చింది. రాత్రి నిద్రపోలేదా అని కసిరాను.

చెంగల్రాయుడు పకపకా నవ్వాడు. "రాత్రి నిద్రపోతే ఆట ఎవురాడేది సారూ?"

నా ఉపన్యాసం అక్కడ ఆగింది. మాత్రలు ఎప్పుడు వేసుకుంటున్నావని మునస్వామిని అడిగాను.

"మీరు రాసినట్టే సారూ. రాత్రి అన్నం తిని, మూడు మాత్రలు మింగి, రంగు పూసుకునేదానికి కూసుంటా."

అదీ సంగతి. మత్తు కలిగించే మందు మూడు మాత్రలు మింగి గంటకల్లా రంగస్థలం ఎక్కుతున్నాడు. నోరు ఎండిపోతుంది, నాలుక తిరగదు, మాట ఆలస్యమవుతుంది. నాలుగు వారాలు ఇంట్లో పడుకున్నాడు కాబట్టి తెలియలేదు. భారతం రోజుల్లో ఆ మనిషికి పని వేళ రాత్రి, నిద్ర వేళ పగలు. వృత్తి అడిగాను, 'వీధినాటకం' అని నా చేత్తోనే కేస్ షీటులో రాశాను, ఆ కిందనే సున్నా–సున్నా–ఒకటి రాశాను. వాదన నెగ్గి చీటీ తప్పు రాశాను. ఆ తప్పే వాద్యారు మూఢనమ్మకానికి సాక్ష్యం చెప్పింది.

తప్పు నాదని అప్పటికప్పుడే చెప్పాను. డాక్టరు ఆ మాట అనడం చెంగల్రాయుడికి వింతగా తోచింది కాబోలు, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. ప్రశ్నలు మాత్రమే అడిగాను. మునస్వామి ఈ వేషం ఎప్పుడు కట్టాడు? పదహారో ఏట. జబ్బు ఎప్పుడు మొదలైంది? రెండేళ్ళ కింద అని మునెమ్మ చెప్పింది. మరి నడుమ పద్నాలుగేళ్ళు జనం నవ్వలేదా?

"ఎందుకు నవ్వలేదు? అప్పుడే ఇంకా బాగా నవ్వేవాళ్ళు," అనేసి వాద్యారు నాలుక కరుచుకున్నాడు.

ఈ రెండేళ్ళలో ఇతను రాలేక వేరేవాణ్ణి పెట్టుకున్న ఆటలున్నాయా అని అడిగాను. ఉన్నాయట, మూడో నాలుగో. బాధతో ఆడి నవ్వించిన రాత్రులను అందరూ గుర్తు పెట్టుకున్నారు. బాధతో మంచం దిగలేకపోయిన రాత్రులను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. సిద్ధాంతం అలా నిలబడింది.

ఒప్పందం కుదిరింది. మాత్రలు మానకూడదు. ఆట ముగిసి ఇంటికి పోయి, పొద్దున పడుకునే ముందు వేసుకోవాలి. ఆడేటప్పుడు తెర వెనక నీళ్ళ చెంబు ఉండాలి. ఇంకేదీ మార్చకూడదు, ఎందుకంటే రెండు సంగతులు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. చెంగల్రాయుడు తన షరతు చెప్పాడు: దుర్యోధనుడి రోజుకు కూడా ఆట రాకపోతే ఆ పొద్దున వేషం వేరేవాడిది. మునస్వామి ఆ తర్వాత మాత్రలు వేసుకుంటాడో లేదో అది మునస్వామి ఇష్టం.

మునెమ్మ బల్ల మీది పొట్లం తీసి కొంగున కట్టుకుంది.

ఆఖరి రోజు ఆదివారం పడింది. నేను బస్సెక్కి ఆ ఊరికి వెళ్ళాను. పూజకు కాదు, ఫలితం చూడడానికి. పొద్దున ఎనిమిది దాటింది, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఊరి బయట మైదానంలో దుర్యోధనుడు వెల్లకిలా పడి ఉన్నాడు, ఇరవై మంది పడుకునేంత పొడుగు. చుట్టూ చుట్టుపక్కల ఊళ్ళ జనం. భీముడి వేషధారి గద ఎత్తి తొడ మీద కొట్టాడు. ఆడవాళ్ళు కొందరు దండాలు పెట్టారు, కొందరు కళ్ళొత్తుకున్నారు.

అప్పుడు బపూన్ మునస్వామి జనంలోంచి దూరి వచ్చాడు. మట్టి దుర్యోధనుడి చుట్టూ ఒకసారి తిరిగి, విరిగిన తొడ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ఏమప్పా రారాజా, తొడ ఇరిగిందా? అయ్యయ్యో! నూర్రూపాయల మనిషివి, ఆడ పుత్తూరు బస్సు నిలబడుకోనే ఉండాది కదప్పా! ఎక్కుంటే ఈపాటికి కట్టు కట్టుందురు, కోడిగుడ్డు పూసుందురు. ఈ ఎండలో పండుకోని ఏం సేస్తా ఉండావు?"

మైదానం ఒక్కసారిగా గొల్లున నవ్వింది. నవ్వు సద్దుమణగక ముందే మునస్వామి మట్టి మణికట్టు పట్టి నాడి చూశాడు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి ముక్కు చివర పెట్టుకున్నాడు. నేను అద్దాలు అలాగే పెట్టుకుంటాను. ఆకాశం చూస్తూ గొంతు సవరించుకున్న తీరూ నాదే.

"కుండలు సేసేవాడికి సేతులు వణకతాయా? వణకవు! సరే. నీకొక మాత్ర రాస్తా ఉండా. రాత్రి అన్నం తిని ఏసుకో." లేచి రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "రాత్రిదాకా ఉంటేనే!"

ఆ తిరుగుమాట ఎంత సరిగ్గా పడిందంటే, వెనక చెంగల్రాయుడు తాళం వెయ్యడం మరిచిపోయాడు. ఆడవాళ్ళ గుంపులో మునెమ్మ కనబడింది. మొదట భర్తను కాకుండా జనాన్ని చూస్తూ ఉంది, నవ్వుతున్నారో లేదో అని. తర్వాత ఆవిడ కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కూడా నవ్వాను. నవ్వక తప్పలేదు, చుట్టుపక్కలవాళ్ళు నా వైపే చూస్తున్నారు.

ఆట ముగిశాక మజ్జిగ తాగుతూ చెంగల్రాయుణ్ణి అడిగాను, ఇప్పుడేమంటారని. ఆయన ఓడిపోయే మనిషి కాదు. "మీకు తెలీదు సారూ. పైకి బాగున్నట్టు కనపడతాడు గానీ, లోపల వాడు ఏడస్తానే ఉంటాడు."

మునస్వామి పక్కనే రంగు తుడుచుకుంటున్నాడు. "లేదు వాద్యారే," అన్నాడు. "లోపల ఆకలిగా ఉండాది."

ఆరు నెలలు మందు వాడి, నా సలహా మీద నెమ్మదిగా తగ్గించి ఆపాడు. నేను ఆ ఊరి నుంచి బదిలీ అయ్యే దాకా ఏటా బపూన్ వేషం అతనిదే. చెంగల్రాయుడి సిద్ధాంతం కూడా ఏటా అలాగే ఉంది.

ఒక మనిషితో శాస్త్రం పూర్తి కాదు. అది నాకూ తెలుసు. బాధ పడ్డవాడికి బాధ గురించి తెలుస్తుంది, అందులోంచి ఒక హాస్యం రావచ్చు. దాన్ని కాదనను. కానీ జబ్బు ఆ హాస్యానికి నూనె పోస్తుందన్న మాటకు నా పాతికేళ్ళ ఓ.పి.లో ఒక్క సాక్ష్యం దొరకలేదు. మునస్వామి హాస్యం అతని చూపులో ఉంది, తిరుగుమాట పడే లెక్కలో ఉంది. నా గదిలో ఉన్న కొద్దిసేపట్లో నా కళ్ళద్దాలు, నా గొంతు, నా కుండలవాడు అన్నీ పట్టుకుపోయాడు. ఆ పనికి తెలివి మేలుకుని ఉండాలి. దాన్ని మొదట జబ్బు తొక్కింది, తర్వాత నా చీటీ తొక్కింది.

రెండోది నేను సరిదిద్దుకోగలిగింది. తర్వాత ఘాట్ రోడ్డు బస్సు డ్రైవర్లు, తిరుమలలో షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు, రాత్రి కాపలావాళ్ళు ఎందరో నా దగ్గరికి వచ్చారు. సర్కారు వారి కేస్ షీటులో పేరు, వయసు, వృత్తి అని అచ్చు గళ్ళున్నాయి. వృత్తి గడి పక్కన 'నిద్రపోయే వేళ' అని నేనే స్కేలు పెట్టి ఇంకో గడి గీసుకున్నాను. రిటైరయ్యే రోజు దాకా ఆ గడి నింపకుండా మాత్ర రాయలేదు.