మా ఇంట్లో చెత్త కరువు

మా అమ్మాయి ఐదో తరగతిలో ఉన్నప్పుడు స్కూలు గ్రూపులో ఒక మెసేజీ వచ్చింది. ఇంట్లో పారేసే కాగితాలు, అట్టలతో పిల్లలు ఏదైనా చేసి తేవాలట. దానికి పోటీ, బహుమతులు. అడుగున ఇంకో వాక్యం: వస్తువు కొత్తదానిలా ఉండాలి, మరకలు కనిపించకూడదు. అంటే చెత్త కావాలి గానీ అది చెత్తలా ఉండకూడదన్నమాట. సరేనని చెత్త కోసం ఇల్లంతా వెతికాను.

చిక్కేమిటంటే మా ఇంట్లో చెత్త లేదు. మా అత్త పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఇంట్లో పుట్టిన మనిషి. ఆమె ఉండగా ఏ వస్తువూ పారేసే దశకు చేరదు. పాలకవర్లు కడిగి దండెం మీద ఆరేస్తుంది. వీధిలోకి కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు, అవేం బట్టలని నన్ను అడిగారు కూడా. పేపరు చదవడం అయ్యీ కాకముందే సగం అల్మారా అరల్లోకి, సగం ఎండుచేపలు చుట్టడానికి పోతుంది. మా ఆయన ఒకసారి చెప్పుల డబ్బా బయట పడేస్తే, ఆయన సందు దాటేలోపే అది లోపలికి వచ్చి దారపుండల పెట్టె అయి కూర్చుంది.

బజార్లో ఫ్యాన్సీ షాపులో మాత్రం చెత్తకు లోటు లేదు. ఐస్‌క్రీం మొహమే చూడని ఐస్‌క్రీం పుల్లలు, ఏ డ్రింకూ పోయని సీసాలు, మడత పడని అట్టలు, అన్నీ ఒకే ప్యాకెట్లో. స్కూలు పోటీల కోసమే తెప్పిస్తామని షాపతను గర్వంగా చెప్పాడు. మా ఎదురింటావిడ ఇంకా నాలుగాకులు ఎక్కువ చదివింది. పెద్ద అట్టపెట్టె కావాలని ఆన్‌లైన్లో మిక్సీ తెప్పించింది. పెట్టె కోశాక మిక్సీ వెనక్కి పంపబోతే, పెట్టె లేకుండా తీసుకోం అన్నారు. దాంతో ఆ ఇంట్లో రెండు మిక్సీలు, ఒక రాకెట్టు తయారయ్యాయి.

రాకెట్టు కాక ఇంకేం చేస్తారు. రాకెట్లు ఎగరేసే చోటికి పక్కనే ఉన్న మా సూళ్లూరుపేటలో ఏ పోటీ పెట్టినా పిల్లలు రాకెట్టే చేస్తారు. ఆరోగ్యం మీద పోటీ పెడితే సొరకాయతో రాకెట్టు. ఒక చవితికి మా వీధి వినాయకుడు ఎలుకను వదిలేసి రాకెట్టెక్కి ఊరేగాడు.

మా అమ్మాయికి రాకెట్ల మీద మోజు లేదు. బహుమతి వచ్చిన పిల్లలతోపాటు ఇంట్లోవాళ్ళను కూడా స్టేజీ మీదికి పిలుస్తారని ఎవరో చెప్పారు. వాళ్ళ అవ్వ చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కాలి, దానికి కావలసింది అదొక్కటే. స్కూల్లో చేరినప్పటి నుంచి అది ఒక్కసారీ ఎక్కలేదు. ఎక్కినవాళ్ళకు వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టడమే దాని పని. ఈ సంగతి వినగానే మా అత్త పెట్టెలోంచి పట్టుచీర తీసి గాలికి ఆరేసింది. ఏం చేయాలన్న ఆలోచన ఆ తర్వాత మొదలైంది.

ఆమెకు వచ్చిన కాగితం పని ఒకటే, గుజ్జు బుట్ట. పాత కాగితాలు బాగా నానబెట్టి, మెంతులు చేర్చి రోట్లో రుబ్బి, బోర్లించిన గిన్నె మీద మెత్తి ఎండబెట్టాలి. మెంతులు పడితే పురుగు పట్టదు. నిరుటి నోటుపుస్తకాలు చాలక, మంచం కింది నుంచి పెళ్ళిపత్రికల మూట లాగింది. కానీ పత్రిక మీద వినాయకుడుంటాడు. దేవుణ్ణి రోట్లో వేసి రుబ్బితే కళ్ళు పోవూ? అందుకని అవ్వా మనవరాలూ కూర్చుని ప్రతి పత్రిక మీదా వినాయకుణ్ణి జాగ్రత్తగా కత్తిరించి దేవుడి గూట్లో చేర్చారు. కొన్నాళ్ళపాటు గూట్లో దీపానికి చోటు లేదు. వధూవరుల విషయంలో మాత్రం ఆమెకు ఏ మొహమాటమూ లేదు.

"వీళ్ళిద్దురూ పెండ్లైనకాడి నుంచి కలిసింది లేదు. ఈ రోట్లోనన్నా కలవనీ" అంటూ రుబ్బింది.

టీచర్ల ఎర్ర సిరా, శుభలేఖల రంగు కలిసి బుట్ట లేత గులాబీ రంగులో వచ్చింది. అంచు చుట్టూ మా అమ్మాయి చేపల వరుస వేసింది. ఎంత ముచ్చటగా ఉందంటే, నాకే ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

పోటీ రోజు బుట్టను బల్ల మీద పెట్టి, పక్కన పేరు చీటీ ఉంచి, పెద్దవాళ్ళంతా బయటికి వెళ్ళాలన్నారు. బహుమతుల వేళకు లోపలికి పిలిచారు. చూస్తే మా బల్ల మీద చీటీ ఒక్కటే ఉంది. బుట్ట స్టేజీ మీద, ముఖ్య అతిథి ముందు ఉంది. దాని నిండా వడలు. వడలకు పళ్ళెం దొరక్క ఎవరో చేతికందిన బుట్టలో పోశారట. నిర్ణేతలు అందులోంచే తింటూ బల్లలన్నీ తిరిగి, మా చీటీ దగ్గర ఆగి, ఈ పాప ఏమీ తేలేదని రాసుకుని పోయారట. మొదటి బహుమతి ఎదురింటి రాకెట్టుకు వచ్చింది. ఏ వస్తువునూ వృథా చేయకూడదని అతిథి ఉపన్యాసం మొదలుపెట్టాడు, మధ్యలో బుట్టలో చెయ్యి పెడుతూ.

మా అమ్మాయి నా ఒళ్ళో తల దాచుకుని ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను లేచేలోపే మా అత్త దాని చెయ్యి పట్టుకుని పట్టుచీరలో మెట్లెక్కేసింది.

"అయ్యా, ఇది మా పాప చేసిన బుట్ట. పోటీకి తెచ్చినాం, వడలకు కాదు."

మైకు ఆయన ముందే ఉండటంతో హాలంతా వినిపించింది. మిగిలిన వడల్ని ఆయన ఉపన్యాసం కాగితం మీద బోర్లించి, ఖాళీ బుట్ట పిల్ల చేతికిచ్చింది. వెంటనే దిగిపోలేదు. ఇద్దరూ జనం వైపు తిరిగి కాసేపు నిలబడ్డారు. చప్పట్లు వెనక వరుస పిల్లలు మొదలుపెట్టారు, వాళ్ళకు అలవాటైన పనే కదా.

బుట్టకు నూనె మరక ఉండిపోయింది. ఇప్పుడందులో వెల్లుల్లి పోసుకుంటున్నాం.

కొన్నాళ్ళకు ఇల్లు ఇరుకైపోతోందని ఎదురింటావిడ రాకెట్టును గోడ పక్కన పడేసింది. మా అత్త ఊరుకుంటుందా, తెచ్చి టబ్బులో నానేసింది. అట్ట చక్కగా నానింది. థర్మకోల్ రెక్కలు మాత్రం ఎంత ముంచినా పైకి తేలాయి. వాటిని అటూ ఇటూ తిప్పి చూసి నాకిచ్చింది.

"ఇది దేనికీ పనికిరాదమ్మే, పారెయ్."

నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. మొదటి బహుమతిని తీసుకెళ్ళి నేనే చెత్తబండిలో వేసి వచ్చాను.